సీ ప్రోగ్రామ్‌లోంచి కమాండ్ నడపాలంటే: సిస్టమ్, పీఓపెన్, ఫోర్క్, స్పాన్‌లలో దేన్ని ఎంచుకోవాలి?

సీ ప్రోగ్రామ్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్ నడపడానికి లినక్స్‌లో ప్రధానంగా నాలుగు దారులున్నాయి: సిస్టమ్(), పీఓపెన్(), ఫోర్క్() చేసి ఎగ్జెక్() చేయడం, పోజిక్స్_స్పాన్(). మామూలుగా వీటిని సులువైనదాని నుంచి కష్టమైనదాని దాకా వరుసగా నేర్పిస్తారు. దాంతో చాలామంది మొదటిది నేర్చుకుని, పని జరిగిపోతోంది కదా అని అక్కడే ఆగిపోతారు.

నా దృష్టిలో అసలు తేడా సులువు, కష్టాల్లో లేదు. మొదటి రెండింట్లో మీరిచ్చిన స్ట్రింగ్‌ను షెల్ (టెర్మినల్‌లో టైప్ చేసిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) చదువుతుంది, దాని అర్థమేమిటో షెల్లే తేల్చుకుంటుంది. చివరి రెండింట్లో షెల్ ప్రమేయమే ఉండదు. ఏ ప్రోగ్రామ్ నడపాలి, దానికి ఏ ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలి అన్నది మీరు విడివిడిగా రాసిస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ వాటిని ఉన్నది ఉన్నట్టు అందజేస్తుంది. కాబట్టి ముందు చూసుకోవాల్సింది ఒకటే. మీ కమాండ్‌లోకి బయటి నుంచి వచ్చిన మాట ఏదైనా చేరుతోందా? ఫైల్ పేరు కావచ్చు, వెబ్ ఫారంలో ఎవరో టైప్ చేసింది కావచ్చు, డేటాబేస్‌లోంచి తీసింది కావచ్చు. చేరుతుంటే ఆ స్ట్రింగ్‌ను షెల్ చేతికి ఇవ్వకండి.

అసలు కమాండ్ అవసరమేనా?

కాలేజీ ల్యాబుల్లో టర్బో సీ మీద చేయి తిరిగినవాళ్ల కోడ్‌లో సిస్టమ్("సీఎల్ఎస్"), సిస్టమ్("పాజ్") తరచుగా కనిపిస్తాయి. అదే ఫైల్‌ను ఉబుంటులో కంపైల్ చేసి నడిపితే 'సీఎల్ఎస్: నాట్ ఫౌండ్' అంటుంది. అవి సీ భాషలోవి కావు, డాస్ నుంచి విండోస్‌కు వచ్చిన కమాండ్లు. కాసేపు ఆగడానికి గెట్‌చార్() చాలు. తెర తుడవడానికి టెర్మినల్ ఎస్కేప్ కోడ్ ఒకటి ప్రింట్ చేస్తే చాలు.

ఇలా కమాండ్ అక్కర్లేని పనులు చాలానే ఉన్నాయి. తేదీ కావాలంటే టైమ్(), స్ట్రఎఫ్‌టైమ్() ఉన్నాయి. ఫోల్డర్ చేయడానికి ఎంకేడిర్(), ఫోల్డర్‌లో ఏమున్నాయో చూడటానికి ఓపెన్‌డిర్(), రీడ్‌డిర్(), డిస్కులో ఖాళీ ఎంతో తెలియడానికి స్టాట్‌వీఎఫ్ఎస్() ఉన్నాయి. డీఎఫ్ కమాండ్‌ను నడిపి, అది అచ్చేసిన పట్టికలోంచి నాలుగో గడిని కోసి తీసుకునే కోడ్ నేను చాలాసార్లు చూశాను. ఒక పరికరం పేరు పొడవైపోయి వరుస రెండు లైన్లుగా విరిగినా, సర్వర్ భాషా సెట్టింగ్ మారినా ఆ కోత తప్పుతుంది. స్టాట్‌వీఎఫ్ఎస్() అయితే అంకెలను నేరుగా స్ట్రక్చర్‌లో పెట్టి ఇస్తుంది. కుదింపుకు జీలిబ్, ఇంటర్నెట్ నుంచి దించుకోవడానికి లిబ్‌కర్ల్ లాంటి లైబ్రరీలు ఎలాగూ ఉన్నాయి.

అయితే లైబ్రరీ ఫంక్షన్, కమాండ్ ఒకే పని చేస్తాయని గుడ్డిగా నమ్మకూడదు. రీనేమ్() ఒక ఫైల్‌సిస్టమ్ నుంచి మరో ఫైల్‌సిస్టమ్‌కు ఫైల్‌ను జరపలేదు, ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. ఎంవీ కమాండ్ మాత్రం అలాంటప్పుడు కాపీ చేసి పాతదాన్ని తీసేస్తుంది. రిమూవ్() ఖాళీ ఫోల్డర్‌నే తీస్తుంది, లోపల ఫైళ్లుంటే తీయదు. ఇలాంటిచోట కమాండ్‌ను పిలవడంలో తప్పేమీ లేదు. వీడియో మార్చడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ కావాలనుకున్నప్పుడు దాని లైబ్రరీలను నేర్చుకోవడం కంటే కమాండ్‌నే నడపడం తెలివైన పని.

ఇంకో రకం పని కమాండ్‌తో అసలు జరగదు. సిస్టమ్()లో సీడీ ఇచ్చి ఫోల్డర్ మారిందనుకుంటారు. మారింది కమాండ్ నడపడానికి విడిగా పుట్టిన పిల్ల ప్రాసెస్‌కు, అది వెంటనే ముగిసిపోయింది కూడా. మీ ప్రోగ్రామ్ ఉన్నచోటే ఉంటుంది. దానికి సీహెచ్‌డిర్() వాడాలి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టే ఎక్స్‌పోర్ట్‌దీ ఇదే కథ, దానికి సెట్‌ఎన్వ్() ఉంది.

సిస్టమ్(): ఎక్కడ బాగుంటుంది

ఇది సీ ప్రమాణంలోనే ఉంది కాబట్టి ఎక్కడైనా కంపైల్ అవుతుంది, దాదాపుగా. యాపిల్ ఐఓఎస్‌లో మాత్రం దీన్ని వాడనివ్వరు. యూనిక్స్ కుటుంబంలో ఇది స్ట్రింగ్‌ను 'ఎస్‌హెచ్ -సీ' అనే షెల్‌కు ఇస్తుంది, పని పూర్తయ్యేదాకా ఆగుతుంది, స్టేటస్ తెచ్చి ఇస్తుంది. మీ సొంత మెషీన్ మీద నడిచే చిన్న టూల్, కమాండ్ మొత్తం మీరే కోట్లలో రాసిన స్థిరమైన స్ట్రింగ్, అవుట్‌పుట్ తెర మీద పడితే చాలు అన్నప్పుడు సిస్టమ్() వాడండి. ఒక్క లైనుతో అయిపోయే పనికి ముప్పై లైన్లు రాయనక్కర్లేదు.

కానీ ఆ ఒక్క లైను చుట్టూ తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. మొదటిది, వచ్చే విలువ. కమాండ్ విఫలమై ఎగ్జిట్ కోడ్ 1తో ముగిస్తే (సున్నా అంటే విజయం) లినక్స్‌లో సిస్టమ్() ఇచ్చేది 1 కాదు, 256. ఎగ్జిట్ కోడ్ పై బైట్‌లో ఉంటుంది కాబట్టి దాన్ని డబ్ల్యూఎగ్జిట్‌స్టేటస్ మాక్రోతో తీయాలి. ఈ సంగతి తెలియక మెయిన్() చివర 'రిటర్న్ సిస్టమ్(...)' అని రాస్తే ఏమవుతుందో చూడండి. కమాండ్ విఫలమై 256 వచ్చింది. మెయిన్() నుంచి వెళ్లే విలువలో కింది ఎనిమిది బిట్లే బయటికి చేరతాయి. 256లో అవి సున్నా. అంటే కమాండ్ ఫెయిలైనా మీ ప్రోగ్రామ్ విజయవంతంగా ముగిసినట్టు దాన్ని నడిపే క్రాన్, మేక్ లాంటి టూల్స్‌కు కనిపిస్తుంది. రాత్రిపూట బ్యాకప్ తీసే ప్రోగ్రామ్‌లో ఇలా ఉంటే, బ్యాకప్ లేదన్న సంగతి అది కావాల్సి వచ్చిన రోజు దాకా తెలియదు.

రెండోది కంట్రోల్-సీ. సిస్టమ్() నడుస్తున్నంతసేపూ మీ ప్రోగ్రామ్ ఆ ఇంటరప్ట్ సిగ్నల్‌ను పట్టించుకోదు, కమాండ్ ఒక్కటే ఆగుతుంది. వెయ్యి ఫైళ్ల మీద లూప్ పెట్టి సిస్టమ్() పిలుస్తుంటే, కంట్రోల్-సీ కొట్టిన ప్రతిసారీ ఒక కమాండ్ చచ్చి తర్వాతది మొదలవుతుంది. లూప్‌లో డబ్ల్యూఇఫ్‌సిగ్నల్డ్ మాక్రోతో చూసి మీరే బయటికి రావాలి.

మూడోది, ప్రింట్ఎఫ్() రాసినది కమాండ్ అవుట్‌పుట్ తర్వాత కనిపించడం. అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి మళ్లించినప్పుడు మీ మాటలు బఫర్‌లో నిలిచిపోయి, కమాండ్ మాటలు ముందు వెళ్లిపోతాయి. పిలిచే ముందు ఎఫ్‌ఫ్లష్() చేస్తే సరి.

'పెళ్లి ఫోటో' అనే ఫైల్‌కు ఏమవుతుంది

షెల్ ఎందుకు వద్దంటున్నానో ఒక ఉదాహరణ మీద నెమ్మదిగా చూద్దాం. ఫోటోల సైజు తగ్గించే ప్రోగ్రామ్ రాశారు. ఫైల్ పేరును ఎస్‌ప్రింట్ఎఫ్()తో కన్వర్ట్ కమాండ్ మధ్యలో అతికించి సిస్టమ్()కు ఇస్తున్నారు. ఎవరో 'పెళ్లి ఫోటో.జేపీజీ' అనే ఫైల్ ఇచ్చారు. తెలుగు అక్షరాల వల్ల ఇబ్బందేమీ లేదు, షెల్‌కు అవి మామూలు బైట్లే. ఇబ్బంది మధ్యలో ఉన్న ఖాళీతో. షెల్ దాన్ని 'పెళ్లి' అని ఒకటి, 'ఫోటో.జేపీజీ' అని మరొకటిగా రెండు ఫైళ్లనుకుంటుంది. ఆ రెండూ లేవు.

సరే, పేరు చుట్టూ డబుల్ కోట్లు పెట్టారు. ఖాళీల బాధ తీరింది. కానీ డబుల్ కోట్ల లోపల డాలర్ గుర్తుకు, వెనక్కి వాలిన కోటుకు షెల్ ఇంకా అర్థం తీస్తూనే ఉంటుంది. పేరులో $ ఉంటే దాన్ని వేరియబుల్ అనుకుని విలువ వెతుకుతుంది. సరే, సింగిల్ కోట్లు పెట్టారు. ఇప్పుడు పేరులో ఒక అపాస్ట్రఫీ ఉంటే కోటు అక్కడే మూసుకుపోతుంది. ఆ తర్వాత ఉన్నదాన్నంతా షెల్ మళ్లీ కమాండ్‌లో భాగంగా చదువుతుంది. ఎవరైనా కావాలనే అపాస్ట్రఫీ, సెమీకోలన్, ఆ వెనక హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని తుడిచేసే 'ఆర్ఎం -ఆర్ఎఫ్ ~ #' అని పేరు పెట్టిన ఫైల్‌ను అప్‌లోడ్ చేస్తే మీ సర్వర్ మీద అది నడుస్తుంది. దీన్నే కమాండ్ ఇంజెక్షన్ అంటారు. సెర్ట్ సీ భద్రతా నియమాల్లో ఈఎన్‌వీ33-సీ సూటిగా సిస్టమ్()ను పిలవొద్దనే చెబుతుంది. నేను అంత దూరం వెళ్లను, స్థిరమైన స్ట్రింగ్‌తో పిలవొచ్చంటాను. కానీ అతికించిన స్ట్రింగ్ విషయంలో ఆ నియమంతో పూర్తిగా ఏకీభవిస్తాను.

ప్రతి అపాస్ట్రఫీని జాగ్రత్తగా మార్చి కోట్ చేసే ఫంక్షన్ రాసుకోవచ్చు, అది సాధ్యమే. అయితే మీరు పాఠాన్ని ఒక భాషలోకి మారుస్తున్నారు, షెల్ దాన్ని మళ్లీ విప్పుతోంది. ఈ అనవసర ప్రయాణం మానేసి పేరును నేరుగా కెర్నల్‌కు ఇస్తే 'పెళ్లి ఫోటో.జేపీజీ' ఖాళీతో సహా ఒకే ఆర్గ్యుమెంట్‌గా చేరుతుంది. షెల్ లేనప్పుడు సెమీకోలన్ ఒక అక్షరం మాత్రమే.

అప్పుడు కూడా ఒక జాగ్రత్త మిగులుతుంది. పేరు హైఫన్‌తో మొదలైతే, కమాండ్ దాన్ని ఆప్షన్ అనుకోవచ్చు. ఫైల్ పేరు ముందు './' చేర్చండి, ఆ ఇబ్బంది పోతుంది. చాలా కమాండ్లకు '--' ఇస్తే ఇక ఆప్షన్లు లేవని అర్థం, కానీ అన్నీ దాన్ని ఒప్పుకోవు.

రూట్ హక్కులతో, ముఖ్యంగా ఎవరు నడిపినా ఫైల్ యజమాని హక్కులనిచ్చే సెట్‌యూఐడీ బిట్‌తో నడిచే ప్రోగ్రామ్ అయితే సిస్టమ్(), పీఓపెన్() రెండూ వద్దు, స్థిరమైన స్ట్రింగ్‌తో కూడా వద్దు. పిలిచినవాళ్లు, కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్‌ను మార్చి తమ సొంత ప్రోగ్రామ్‌ను ముందు నిలబెట్టొచ్చు. 2014 సెప్టెంబర్‌లో బయటపడ్డ షెల్‌షాక్ లోపమైతే బ్యాష్ అనే షెల్‌కు అందే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోంచే కోడ్ నడిచేలా చేసింది. కమాండ్ స్ట్రింగ్ ఎంత శుభ్రంగా ఉన్నా అక్కడ పనికిరాలేదు.

పీఓపెన్(): అవుట్‌పుట్ చేతికి కావాలంటే

కమాండ్ చెప్పింది తెర మీద కాకుండా మీ వేరియబుల్‌లోకి రావాలంటే పీఓపెన్() సుఖంగా ఉంటుంది. అది ఫైల్ పాయింటర్ ఇస్తుంది, మామూలు ఫైల్ చదివినట్టే ఎఫ్‌గెట్స్()తో లైను లైనుగా చదువుకోవచ్చు. లేదా రాసే మోడ్‌లో తెరిచి కమాండ్‌కు ఇన్‌పుట్ పంపొచ్చు. లినక్స్‌లో రెండూ ఒకేసారి కుదరవు. దీని వెనక కూడా షెల్లే ఉంది కాబట్టి పైన చెప్పిందంతా దీనికీ వర్తిస్తుంది.

కమాండ్ పేరు తప్పు రాసినా పీఓపెన్() నల్ ఇవ్వదన్నది గుర్తుంచుకోండి. షెల్ మొదలైంది కాబట్టి దాని దృష్టిలో అంతా బాగానే ఉంది. కమాండ్ దొరకలేదన్న సంగతి చివర పీక్లోజ్() ఇచ్చే స్టేటస్‌లో 127గా కనిపిస్తుంది. అందుకే పీక్లోజ్() విలువ చూడని కోడ్ 'ఖాళీ అవుట్‌పుట్ వచ్చింది', 'కమాండే నడవలేదు' అనే రెంటినీ ఒకటే అనుకుంటుంది. ఎఫ్‌క్లోజ్()తో మూయకూడదు, మూస్తే పిల్ల ప్రాసెస్ కోసం ఎవరూ ఎదురుచూడక, ముగిసినా ప్రాసెస్‌ల జాబితాలోంచి పోకుండా జాంబీగా మిగులుతుంది. ఎర్రర్ మెసేజ్‌లు కూడా కావాలంటే కమాండ్ చివర '2>&1' చేర్చండి.

ఫోర్క్(), ఎగ్జెక్(): పూర్తి అదుపు

ఫోర్క్() ప్రాసెస్‌ను రెండుగా చేస్తుంది. పిల్లలో సున్నా, తల్లిలో పిల్ల నంబరు, విఫలమైతే -1 వస్తుంది. పిల్ల తనలో ఎగ్జెక్‌వీపీ()ని పిలిచి కొత్త ప్రోగ్రామ్‌గా మారిపోతుంది. దానికి ఇచ్చే పట్టికలో మొదటిది ప్రోగ్రామ్ పేరు, తర్వాత ఆర్గ్యుమెంట్లు, చివర నల్. ఎగ్జెక్() సఫలమైతే వెనక్కి రాదు. దాని కింద లైను నడిచిందంటే విఫలమైందనే అర్థం.

అక్కడ ఎగ్జిట్() కాదు, అండర్‌స్కోర్ ముందున్న _ఎగ్జిట్(127) రాయాలి. ఈ ఒక్క గీతకు చాలా విలువుంది. తల్లి బఫర్‌లో ఇంకా ఫైల్‌కు చేరని 'పని మొదలైంది' అనే లైను ఉందనుకోండి. ఫోర్క్()తో ఆ బఫర్ కూడా పిల్లకు వస్తుంది. పిల్ల ఎగ్జిట్() చేస్తే దాన్ని ఫైల్‌లో రాస్తుంది, తర్వాత తల్లీ రాస్తుంది. లాగ్‌లో ఒకే లైను రెండుసార్లు ఎందుకు వచ్చిందో తెలియక జనం గంటలు గంటలు వెతుకుతారు.

ఫోర్క్()కూ ఎగ్జెక్()కూ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలోనే దీని బలమంతా ఉంది. అక్కడ యూజర్‌ను మార్చొచ్చు, సెట్‌ఆర్‌లిమిట్()తో మెమరీకి, సీపీయూ సమయానికి హద్దు పెట్టొచ్చు, కొత్త సెషన్ మొదలుపెట్టొచ్చు. విద్యార్థులు పంపిన ప్రోగ్రామ్‌లను నడిపి మార్కులు వేసే జడ్జ్ లాంటిది రాస్తుంటే ఇదే సరైన దారి.

థ్రెడ్లున్న ప్రోగ్రామ్‌లో మాత్రం ఆ జాగా ప్రమాదకరం. ఫోర్క్() తర్వాత పిల్లలో పిలిచిన థ్రెడ్ ఒక్కటే బతికి ఉంటుంది. మిగతా థ్రెడ్లు పట్టుకున్న తాళాలు (లాక్‌లు) అలాగే పడి ఉంటాయి, విప్పేవాళ్లు లేరు. అక్కడ మాలాక్() గానీ ప్రింట్ఎఫ్() గానీ పిలిస్తే పిల్ల అక్కడే బిగుసుకుపోవచ్చు. సిగ్నల్ హ్యాండ్లర్‌లో పిలవదగ్గ ఫంక్షన్లనే ఎగ్జెక్() దాకా వాడాలి.

తెరిచి ఉన్న ఫైళ్ల సంగతీ చూసుకోవాలి. పిల్లకు అవన్నీ వారసత్వంగా వెళ్తాయి, సర్వర్ వింటున్న సాకెట్‌తో సహా. సర్వర్‌ను ఆపి మళ్లీ లేపబోతే 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అంటుంది. వెతికితే ఎప్పుడో మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆ పోర్టును పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఎగ్జెక్() జరిగినప్పుడు వాటంతటవే మూసుకునేలా, ఫైల్ తెరిచేటప్పుడే ఓ_క్లోఎగ్జెక్, సాకెట్‌కైతే సాక్_క్లోఎగ్జెక్ పెట్టడం అలవాటు చేసుకోండి.

పోజిక్స్_స్పాన్(): కొత్త కోడ్‌కు నా మొదటి ఎంపిక

ఇది ఫోర్క్(), ఎగ్జెక్()లను ఒక్క పిలుపులో చేస్తుంది. ఆర్గ్యుమెంట్లను పట్టికగానే తీసుకుంటుంది. పాత్‌లో వెతకాలంటే చివర పీ ఉన్న పోజిక్స్_స్పాన్‌పీ() ఉంది. అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి మళ్లించడం, పైప్‌కు కలపడం లాంటివి 'ఫైల్ యాక్షన్స్' జాబితాలో ముందే రాసిస్తే అదే చేసిపెడుతుంది. మధ్యలో మీ కోడ్ నడిచే జాగా లేదు కాబట్టి థ్రెడ్ల తాళాల టెన్షన్ లేదు.

వేగం కూడా కలిసొస్తుంది. ఫోర్క్() మెమరీని వెంటనే కాపీ చేయకపోయినా ఆ మెమరీ ఎక్కడుందో చెప్పే పేజీ పట్టికలను చేయాల్సిందే. కొన్ని జీబీల మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌లో అది భారమే, మెమరీ చాలదని విఫలం కావచ్చు కూడా. లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.24 నుంచి పోజిక్స్_స్పాన్() ఎగ్జెక్ అయ్యేదాకా తల్లి మెమరీనే పంచుకునే పద్ధతిలో పనిచేస్తుంది, పట్టికల కాపీ ఉండదు. ప్రోగ్రామ్ దొరకకపోతే ఆ ఎర్రర్‌ను పిలిచిన చోటే చెబుతుంది. -1 ఇచ్చి ఎర్ర్‌నో చూసుకోమనదు, ఎర్రర్ నంబరునే ఇస్తుంది. విజయమైతే సున్నా. పాత అలవాటుకొద్దీ '-1 కి సమానమా' అని చూస్తే తప్పు దొరకదు.

యూజర్‌ను పూర్తిగా మార్చడం, సెట్‌ఆర్‌లిమిట్() లాంటివి దీనితో కావు. అవి కావాలంటే ఫోర్క్()కే వెళ్లాలి. ఏది వాడినా వెయిట్‌పిడ్() పిలిచి ముగింపు స్టేటస్ తీసుకోవడం మీ బాధ్యత.

టైమ్ అవుట్ కావాలన్నా ఫోర్క్(), పోజిక్స్_స్పాన్()లే నయం, ఎందుకంటే పిల్ల నంబరు మీ దగ్గరుంటుంది. సిస్టమ్()లో ఆ నంబరు తెలియనే తెలియదు. పిల్లను సొంత ప్రాసెస్ గ్రూప్‌లో పెట్టి, సమయం మించితే గ్రూప్ మొత్తానికి కిల్() పంపండి. దాని కింద పుట్టిన మనవలు కూడా ఆగుతారు.

పైప్‌లైన్ కావాలి, పేరు మాత్రం బయటిది

ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను మరోదానికి పైప్ చేయాలి, నక్షత్రం గుర్తుతో ఫైళ్లు పట్టాలి అంటే షెల్ నిజంగా ఉపయోగమే. అలాంటప్పుడు పోజిక్స్_స్పాన్()తో షెల్‌నే నడపండి. '-సీ' తర్వాత ఇచ్చే స్క్రిప్టు స్థిరంగా ఉండాలి, అందులో ఫైల్ పేరు రావాల్సినచోట "$1" అని డబుల్ కోట్లలో రాయాలి. అసలు పేరును ఆ తర్వాతి ఆర్గ్యుమెంట్‌గా విడిగా ఇవ్వాలి. స్క్రిప్టు తర్వాత వచ్చే మొదటి ఆర్గ్యుమెంట్ $0 అవుతుంది కాబట్టి అక్కడ 'ఎస్‌హెచ్' అని పెట్టి, ఫైల్ పేరును దాని తర్వాత పెట్టండి. షెల్ స్క్రిప్టును చదువుతుంది గానీ పేరును కోడ్‌గా చదవదు.

కమాండ్‌కు ఇన్‌పుట్ పంపుతూ, అవుట్‌పుట్ కూడా చదవాలంటే రెండు పైప్‌లు కావాలి. లినక్స్‌లో పైప్‌కు మామూలుగా పట్టేది 65,536 బైట్లు. మీరు ఒక మెగాబైట్ రాద్దామని కూర్చున్నారు, అవతల దాన్ని కుదించే జీజిప్ తన అవుట్‌పుట్ పైప్ నిండి ఆగిపోయింది, మీరు దాన్ని ఖాళీ చేయడం లేదు. అదీ కదలదు, మీరూ కదలరు. చిన్న డేటాతో టెస్ట్ చేస్తే ఇది బయటపడదు. పోల్()తో రెండు వైపులా చూస్తూ నడపాలి. అంత రాసే ఓపిక లేకపోతే ఇన్‌పుట్‌ను టెంపరరీ ఫైల్‌లో రాసి, ఫైల్ యాక్షన్స్‌తో దాన్ని కమాండ్‌కు ఇన్‌పుట్‌గా ఇచ్చేయండి. నేనైతే చాలాసార్లు ఈ రెండో దారే చూపిస్తాను.

విండోస్‌లో కూడా నడవాలంటే

అక్కడ సిస్టమ్() స్ట్రింగ్‌ను విండోస్ షెల్ అయిన సీఎండీకి ఇస్తుంది, కోట్ల నియమాలు వేరు. పీఓపెన్() ముందు అండర్‌స్కోర్‌తో ఉంది, కన్సోల్ ప్రోగ్రామ్‌లోనే సరిగ్గా పనిచేస్తుంది. ఫోర్క్() లేదు. అసలు దారి క్రియేట్‌ప్రాసెస్(), అది ఆర్గ్యుమెంట్లన్నిటినీ ఒకే స్ట్రింగ్‌గా తీసుకుంటుంది కాబట్టి ఖాళీలున్న పేర్లను మీరే కోట్ చేయాలి. రెండు చోట్లా నడవాలంటే 'ఆర్గ్యుమెంట్ల పట్టిక ఇస్తే నడిపి స్టేటస్ ఇచ్చే' ఒక ఫంక్షన్ సొంతంగా రాసి, లోపలి భాగాన్ని మాత్రం విడివిడిగా ఉంచండి.

పాత కోడ్ చేతికొస్తే

అన్నిటినీ ఒక్కరోజులో మార్చేయాలని చూడకండి. గ్రెప్‌తో సిస్టమ్(), పీఓపెన్() పిలుపులన్నీ వెతికి పట్టండి. స్థిరమైన స్ట్రింగ్ ఉన్నవాటిలో రిటర్న్ విలువ చూస్తున్నారో లేదో సరిచూసి వదిలేయొచ్చు. పై లైన్లలో ఎస్‌ప్రింట్ఎఫ్(), స్ట్రక్యాట్() కనిపించినవాటిని ముందు తీసుకోండి, అందులోనూ నెట్‌వర్క్ నుంచి వచ్చిన విలువ చేరేవాటిని అన్నిటికంటే ముందు. మార్చాక ఖాళీ, అపాస్ట్రఫీ, డాలర్ గుర్తు, మొదట్లో హైఫన్ ఉన్న పేర్లతో నాలుగు ఫైళ్లు చేసి టెస్ట్ ఫోల్డర్‌లో శాశ్వతంగా ఉంచండి. కొత్తగా ఎవరైనా మళ్లీ స్ట్రింగ్ అతికించి సిస్టమ్()కు ఇస్తే, ఆ నాలుగు ఫైళ్ల దగ్గరే టెస్ట్ ఆగిపోతుంది.